ఒక్క దెబ్బకు అతుకు

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లల పర్సుల్లో అక్కడి చిల్లర ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అందులోంచి 25 సెంట్ల బిళ్ల ఒకటి తీసి, బొమ్మా బొరుసూ వదిలేసి అంచు చూడండి. రెండు ముఖాలూ వెండిలా తెల్లగా ఉంటాయి. అంచు చుట్టూ మాత్రం ఎర్రటి రాగి గీత ఒకటి తిరుగుతుంది. నడుమ ఉన్నది రాగి, అటూ ఇటూ ఉన్నవి రాగీ నికెలూ కలిసిన తెల్ల రేకులు. 1965లో అమెరికా ప్రభుత్వం ఈ నాణెంలో వెండి మానేసినప్పుడు ఇలాంటి మూడు పొరల రేకు టన్నులకొద్దీ కావలసి వచ్చింది. ఇవాళ ఆ పొరలను రోలర్ల మధ్య నొక్కి కలుపుతారు. తొలినాళ్లలో కొంత సరుకును మాత్రం డ్యూపాంట్ కంపెనీ వేరే దారిన చేసి ఇచ్చింది. పలక మీద పలక ఉంచి, పైన మందుగుండు పరిచి, పేల్చింది.

పేలిస్తే ముక్కలవ్వాలి గాని అతుక్కోవడమేమిటి?

మొదట చూసినవాళ్లకూ అది వింతే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుళ్ల పెంకులు కొన్ని, ఊడదీయడానికి వీల్లేనంతగా ఉక్కుకు కరుచుకుపోవడం కొందరి కంటబడింది. 1944లో కార్ల్ అనే పరిశోధకుడు డిటొనేటర్ పేలిన చోట రెండు ఇత్తడి బిళ్లలు ఒకటైపోవడం చూసి రాసిపెట్టాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కీవ్‌లో మిఖాయిల్ లావ్రెంత్యెవ్ బృందానికీ ఇలాంటిదే ఎదురైంది. ఆ లావ్రెంత్యెవే తర్వాత సైబీరియాకు వెళ్లి నోవోసిబిర్స్క్ దగ్గర విజ్ఞాన నగరాన్ని నిలబెట్టాడు. ఈ విద్యకు అది పుట్టిల్లులాంటిదైంది. 1960లలో డ్యూపాంట్ పేటెంట్లు తీసుకునేసరికి ఆ వింత కాస్తా వ్యాపారమైంది.

ఇంతకీ ఈ ప్రసంగం ఆ పేలుడు గురించి కాదు. పేల్చడానికి ముందు కంప్యూటర్‌లో జరిగే పేలుడు గురించి, అంటే సిమ్యులేషన్ గురించి.

అసలు ఇంత రభస ఎందుకో ముందు చెప్పుకోవాలి. ఊళ్లో వెల్డింగ్ షాపుకు వెళ్లి, ఈ అల్యూమినియం రేకును ఆ ఇనుప రేకుకు అతికించమంటే, షాపతను తల అడ్డంగా ఊపుతాడు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, ఇనుముకు 1538 డిగ్రీలు కావాలి. ఎలాగో ఒకలా కలిపి కరిగించినా ఆ రెండింటి మధ్య కొత్త సమ్మేళనాలు పుడతాయి. గట్టిగానే ఉంటాయి గాని, అప్పడంలా పెళుసు. చిన్న దెబ్బకే పెటుక్కుమంటాయి. అదే సమయంలో లోకానికి ఇలాంటి జంటలు కావాలి. ఓడకు అడుగుభాగం ఉక్కుతోనూ పైభాగం తేలికైన అల్యూమినియంతోనూ కట్టాలి. రసాయనాల ఫ్యాక్టరీలో పెద్ద తొట్టి మొత్తం టైటానియంతో చేయిస్తే ఆస్తి కరిగిపోతుంది కనుక, బయట ఉక్కు ఉంచి లోపల పల్చటి టైటానియం తొడుగు వేయాలి. వేడితో పడని అతుకు ఇది. దెబ్బతో వేయాలి.

పని జరిగే తీరు ఇది. ఊరికి దూరంగా ఇసుక పరుస్తారు. దాని మీద అడుగు పలక. దానికి కొన్ని మిల్లీమీటర్ల పైన, చిన్న చిన్న దన్నుల మీద రెండో పలక. ఆ పైన ఒక పొరగా మందుగుండు. సాధారణంగా అది అమ్మోనియం నైట్రేట్ జాతిదే. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాతిని పేల్చే మందుకు దగ్గరి చుట్టం. మొత్తం ఒక్కసారి పేలకుండా ఒక కొసన అంటిస్తారు. పేలుడు ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెడుతూ, పోయిన చోటల్లా పై పలకను కిందికి నెడుతూ పోతుంది.

మొబైల్ షాపులో ఫోనుకు స్క్రీన్‌గార్డ్ వేసే కుర్రాణ్ణి ఎప్పుడైనా గమనించారా? మొత్తం ఒక్కసారి అద్దం మీద పడేయడు. ఒక అంచు ఆనించి, మిగతాది ఏటవాలుగా పట్టుకుని, వేలితో తోసుకుంటూ పోతాడు. ఆనిన గీత ముందుకు జరిగే కొద్దీ గాలి బుడగలూ దుమ్మూ దాని ముందు పారిపోతాయి. ఇక్కడ జరిగేదీ అదే. రెండు పలకలూ కలిసే గీత సెకనుకు 2 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెడుతుంది. ఆ మూల దగ్గర పుట్టే ఒత్తిడికి లోహం పైపొర ద్రవంలా ప్రవర్తించి, సన్నటి ధారగా ముందుకు చిమ్ముతుంది. దాన్ని జెట్ అంటారు. లోహం మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర, జిడ్డు, మురికి అన్నీ ఆ జెట్‌తోపాటే ఊడ్చుకుపోతాయి. వెనక మిగిలేది రెండు శుభ్రమైన లోహపు ముఖాలు. వాటిని ఒకదానికొకటి అదిమిపట్టే ఒత్తిడి కొద్దిపాటిది కాదు. రాగి పలక సెకనుకు 460 మీటర్ల వేగంతో ఉక్కును తాకితే అది దాదాపు 80 వేల వాతావరణాల ఒత్తిడి. లోహం పెద్దగా కరగకుండానే అతుకు పడిపోతుంది.

ఆ 460 మీటర్లు ఊరికే చెప్పిన సంఖ్య కాదు. పలకలు సమాంతరంగా ఉన్నప్పుడు, కలిసే గీత పేలుడు వేగంతోనే పరుగెడుతుంది. అది సెకనుకు 2200 మీటర్లు అనుకుందాం. పలకలు ఒకదాన్నొకటి తాకే కోణం 12 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు పై పలక దూకే వేగం లెక్కకడితే వచ్చేది సెకనుకు 460 మీటర్లు. గంటకు 1650 కిలోమీటర్ల పైమాట, మనం ఎక్కే విమానం వేగానికి దాదాపు రెండింతలు. అంత వేగాన్ని ఆ పలక అందుకునేది వేలెడు దూరంలో కూడా కాదు, మూడు నాలుగు మిల్లీమీటర్ల సందులో. అంతా ముగిసేది పది పదిహేను మైక్రోసెకన్లలో, అంటే రెప్పపాటులో పదివేలో వంతు.

ఇప్పుడు తిప్పలు మొదలవుతాయి. కోణం మరీ తక్కువైతే జెట్ పుట్టదు. పలకలు చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుని విడిపోతాయి. శక్తి మరీ ఎక్కువైతే సరిహద్దు కరుగుతుంది. అది గట్టిపడేలోపే దెబ్బ తాలూకు అలలు వెనక్కి తిరిగివచ్చి పలకలను మళ్లీ విడదీస్తాయి. కలిసే గీత ఆ లోహంలో శబ్దం నడిచే వేగాన్ని దాటినా జెట్ ఉండదు. అందుకే సెకనుకు 6900 మీటర్ల దాకా పోయే టి.ఎన్.టి. లాంటి మందు ఇక్కడ పనికిరాదు. గనుల మందుకు సైతం మరో పొడి కలిపి నెమ్మదింపజేసిన సందర్భాలే ఎక్కువ. వేగం ఒక వైపు, కోణం ఒక వైపు పెట్టి గ్రాఫ్ గీస్తే, వీటన్నిటి మధ్యా అతుకు పడే చోటు ఒక చిన్న గడిగా మిగులుతుంది. దాన్ని వెల్డింగ్ విండో అంటారు. 1970లలో అమెరికాలో విట్‌మన్, సోవియట్ యూనియన్‌లో దెరిబాస్ వంటివారు ఆ గడి అంచులకు సూత్రాలు కట్టారు.

ఆ సూత్రాల్లో ఒకదాన్ని దగ్గర్నుంచి చూద్దాం. కనీసం ఎంత కోణం ఉండాలో చెప్పే సూత్రం అది. లోహం ఎంత గట్టిదైతే కోణం అంత పెరగాలి. వేగమూ సాంద్రతా పెరిగితే కోణం తగ్గినా ఫర్వాలేదు. ముందు ఒక గుణకం ఉంటుంది. పలకల ముఖాలు బాగా శుభ్రం చేసి ఉంటే అది 0.6, అంతంత మాత్రంగా చేసి ఉంటే 1.2. మామూలు ఉక్కుకు, సెకనుకు 2200 మీటర్ల వేగానికి లెక్కవేస్తే శుభ్రమైన పలకకు 6 డిగ్రీల కోణం చాలు, లేకుంటే 12 డిగ్రీలు కావాలి. అంటే ఎమెరీ పేపర్ పట్టుకున్న పనివాడి మోచేతి బలం బట్టి కనీస కోణం రెట్టింపవుతుంది. పెద్ద పెద్ద సూత్రాల మధ్య ఈ ఒక్క గుణకం చూస్తే ముచ్చటేస్తుంది. సిద్ధాంతంలోకి పనివాడి చెయ్యి తొంగిచూసిన చోటు అది.

సూత్రాలు గడిని చూపిస్తాయి సరే, అందులో ఎక్కడ నిలబడాలో చెప్పవు. లోహాలు రెండూ వేరువేరైనప్పుడు సూత్రాలూ తడబడతాయి. గట్టిదనం ఎవరిది పెట్టాలి? మెత్తని అల్యూమినియందా, ఉక్కుదా? పాతకాలంలో దీనికి జవాబు ఒకటే: పేల్చి చూడటం. సందు మార్చి ఒకసారి, మందు పొర మందం మార్చి ఒకసారి, మందు రకం మార్చి ఇంకోసారి. ప్రతిసారీ పలకలు ఖర్చు, అనుమతులు, కాపలా, వానొస్తే వాయిదా. పేలాక నమూనాను కోసి నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడితే గాని ఫలితం తెలియదు. ఏమైందో తెలుస్తుంది గాని, ఎలా అయిందో తెలియదు. జరుగుతుండగా చూసిన కన్ను లేదు మరి.

కంప్యూటర్ ఆ కన్నవుతుంది. అయితే అదీ తేలిగ్గా కుదరలేదు.

లోహాన్ని కంప్యూటర్‌లో చూపడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది గళ్ల చీర పద్ధతి. లోహం మీదే గళ్లు గీసినట్టు అనుకుంటారు. లోహం సాగితే గడీ సాగుతుంది, నలిగితే నలుగుతుంది. కారు గుద్దుకున్నప్పుడు బాడీ ఎలా నొక్కుకుపోతుందో చూడటానికి ఇది చక్కగా పనికొస్తుంది. జెట్ దగ్గరికి వచ్చేసరికి గళ్లు పీలికలై మెలితిరిగి లెక్క ఆగిపోతుంది. రెండోది కిటికీ ఊచల పద్ధతి. గళ్లు కదలవు, లోహమే వాటి గుండా ప్రవహిస్తుంది, వాన చూరులోంచి జారినట్టు. జెట్ బాగానే కనిపిస్తుంది గాని, రెండు లోహాల మధ్య సరిహద్దు మసకబారుతుంది. మూడోదానికి గళ్లే లేవు. లోహాన్ని వడ్లగింజల్లాంటి కణాలుగా విడగొట్టి, ప్రతి గింజా తన ఇరుగుపొరుగు గింజలతో ఎలా తోసుకుంటుందో లెక్కకడతారు. ఎస్.పి.హెచ్. అని పిలిచే ఈ పద్ధతి 1977లో పుట్టింది వెల్డింగ్ కోసం కాదు. నక్షత్రాల గురించి లెక్కలు వేయడానికి ఖగోళ శాస్త్రవేత్తలు తయారుచేసుకున్నారు. నక్షత్రం కోసం రాసిన లెక్క రేకుల అతుకు దగ్గర తేలింది.

ఇలాంటి అరువు విద్య ఈ రంగంలో ఇంకా ఉంది. ఇప్పుడు అందరూ వాడే ఎల్.ఎస్. డైనా ప్రోగ్రామ్‌కు మూలం 1976లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ రాసిన డైనా 3డి. దాన్ని రాసింది ఆయుధాలు నేలను తాకినప్పుడు ఏమవుతుందో చూడటానికి. తర్వాత కార్ల కంపెనీలు ప్రమాద పరీక్షలకు తెచ్చుకున్నాయి. అక్కడి నుంచి వెల్డింగ్ వాళ్లు తీసుకున్నారు.

గళ్ల పద్ధతి ఏదైనా గడి ఎంత చిన్నదిగా ఉండాలన్నది అసలు తకరారు. జెట్ మందం మైక్రాన్లలో ఉంటుంది. గడి 5 మైక్రాన్లు అనుకుంటే, సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు ఎత్తు ఉన్న ఒక ముక్కకే 40 లక్షల గళ్లు. శబ్దం ఒక గడి దాటే సమయం కన్నా ఎక్కువ అంగ వేయకూడదు కాబట్టి కాలాన్ని నానోసెకను చొప్పున నడిపించాలి. 10 మైక్రోసెకన్లకు 10 వేల అంగలు. ఇది అడ్డంగా కోసిన ముక్కకు మాత్రమే. అదే సెంటీమీటరు ఘనాన్ని మొత్తం తీసుకుంటే గళ్లు 800 కోట్లు. అందుకే ఈ విషయంపై వచ్చే బొమ్మలన్నీ దాదాపు అడ్డకోతలే. పెద్ద పలక ఎలా దూకుతుందో మోటు గళ్లతో ఒక లెక్క, ఆ లెక్క ఇచ్చిన వేగమూ కోణమూ తీసుకుని అతుకు దగ్గర సన్నటి గళ్లతో ఇంకో లెక్క. రెండంచెల్లో పని చేసుకుంటారు.

లెక్క సరిగ్గా కుదిరితే తెర మీద కనిపించేది చూడాల్సిందే. రెండు లోహాల సరిహద్దు తిన్నగా ఉండదు. అలలు అలలుగా, ఒక్కో అల కొస ముందుకు వంగి చుట్టుకుపోయి ఉంటుంది. నిజమైన నమూనాను కోసి చూసినా అదే కనిపిస్తుంది. ఆ అల పొడవు ఎంత ఉండాలో అనుభవం మీద కట్టిన సూత్రం ఒకటుంది. 3 మిల్లీమీటర్ల పలక 12 డిగ్రీల కోణంతో తాకితే అల దాదాపు 0.85 మిల్లీమీటర్లు రావాలి. ఆ అలలు ఎందుకు వస్తాయన్నదానిపై 1960ల నుంచీ వాదం నడుస్తూనే ఉంది. బెల్‌ఫాస్ట్ వాళ్లు జెట్ లోహాన్ని తవ్వుతూ పోతుందన్నారు. డ్యూపాంట్ వాళ్లు వంతెన స్తంభం వెనక నీటిలో తిరిగే సుడులతో పోల్చారు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో అలీ నస్సిరి, బ్రాడ్ కిన్సీ వంటివారు ఒకదాని మీద ఒకటి జారే రెండు ప్రవాహాల మధ్య పుట్టే అస్థిరతగా చూసి లెక్కలు కట్టారు, 2016లో కణాల పద్ధతినీ గళ్ల పద్ధతినీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. వాదం తెగినా తెగకపోయినా, ఆ అల సిమ్యులేషన్ చేసేవాళ్లకు మంచి సాక్షి. తెర మీది అల, మైక్రోస్కోపు కింది అల ఒకే పొడవు ఉంటే లెక్కను కొంత నమ్మవచ్చు.

కొంతే. ఎందుకంటే ఈ లెక్కల్లో రెండు బొక్కలున్నాయి, ఆ సంగతి ఈ పని చేసేవాళ్లకు బాగా తెలుసు. ఒకటి, లోహం స్వభావం. ఎంత సాగితే ఎంత బిగుస్తుంది, తొందరపెడితే ఎంత మొండికేస్తుంది, వేడెక్కితే ఎంత మెత్తబడుతుంది అన్నవి చెప్పడానికి 1983లో జాన్సన్, కుక్ ఇచ్చిన ఐదు స్థిరాంకాల సూత్రాన్ని ఇప్పటికీ విరివిగా వాడతారు. ఆ స్థిరాంకాలను ప్రయోగశాలలో కొలిచేది సెకనుకు కొన్ని వేల రెట్లు సాగదీసే వేగం దగ్గర. అతుకు పడే చోట అది పది లక్షల నుంచి కోటి రెట్లు. ఎడ్లబండి తోలి నేర్చుకున్నదాంతో రైలింజను సంగతి చెప్పడం లాంటిదే. రాగి లాంటి లోహాలు ఆ వేగంలో సూత్రం చెప్పినదానికన్నా గట్టిగా ఎదురుతిరుగుతాయి.

రెండోది ఇంకా చిత్రం. ప్రోగ్రామ్‌కు అతుకు అంటే ఏమిటో తెలియదు. ఒత్తిడి చెబుతుంది, వేడి చెబుతుంది, జెట్ చూపిస్తుంది, సరిహద్దుకు రెండు వైపులా లోహం ఏ దిశలో ఎంత జారిందో చెబుతుంది. వాటిని చూసి "పడింది" అనేది మనిషి. ఇంత ఒత్తిడి దాటితే పడినట్టు, జెట్ కనిపిస్తే పడినట్టు అని ఎవరి కొలబద్ద వారు పెట్టుకుంటారు. అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు కంప్యూటర్‌ను ఏది పడుతుందని కన్నా ఏది పడదని ఎక్కువ అడుగుతారు. ఈ కోణంలో జెట్ రాదు, ఈ వేగంలో సరిహద్దు కరుగుతుంది అని చెబితే ఆ ప్రయోగాలు మానేయొచ్చు. కంప్యూటర్ చేసే మేలు అక్కడే ఎక్కువ.

మందుగుండు లేకుండా ఇదే దెబ్బ కొట్టే పద్ధతుల్లో సిమ్యులేషన్ అవసరం ఇంకా పెరిగింది. ఒకటి అయస్కాంత పద్ధతి. కెపాసిటర్లలో దాచిన విద్యుత్తును ఒక్కసారిగా కాయిల్‌లోకి వదిలితే, పక్కనున్న అల్యూమినియం రేకులో ఎదురు కరెంటు పుట్టి, రేకు ఎగిరి అవతలి లోహం మీద పడుతుంది. క్షేత్రం 30 టెస్లాలైతే రేకు మీద దాదాపు 3500 వాతావరణాల తోపు. ముంబయిలో ఐఐటీ, భాభా అణు పరిశోధన కేంద్రం పరిశోధకులు ఇలా అల్యూమినియం రేకులను అతికించి, దానికి సంఖ్యల్లో నమూనా కట్టి చూశారు. పేలుడులో కోణం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇంచుమించు ఒక్కటే. ఇక్కడ అలా కాదు. రేకు మధ్యలో ఉబ్బి, నడుమ భాగం ముందుగా చప్పగా తాకి తిరిగి లేస్తుంది, అక్కడ అతుకు ఉండదు. అక్కడి నుంచి బయటికి పోయే కొద్దీ కోణం పెరుగుతూ, వేగం తగ్గుతూ పోతుంది. ఆ ప్రయాణంలో కొంత దూరమే రేకు మన వెల్డింగ్ విండోలో ఉంటుంది. ఆ మేరకే ఒక పట్టీలా అతుకు పడుతుంది. ఆ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సూత్రాలు చెప్పలేవు. విద్యుత్తు, వేడి, కదలిక మూడింటినీ కలిపి లెక్కవేసే సిమ్యులేషన్ చెబుతుంది.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్లెన్ డేన్ బృందం ఇంకో ఉపాయం పట్టింది. వంటింటి ఫాయిల్‌కన్నా మందమైన అల్యూమినియం ఫాయిల్‌లోకి కెపాసిటర్ల కరెంటంతా వదిలి దాన్ని ఆవిరి చేసేస్తారు. ఆ ఆవిరి పలకను తన్ని పంపుతుంది. రాగికి టైటానియంను అతికించే ప్రయోగంలో వాళ్లు అడుగు పలక మీద రకరకాల వాలులతో గాళ్లు కోశారు. ఒక్క దెబ్బకు ఒకే పలక, ఒకే వేగంతో అనేక కోణాల్లో తాకుతుంది. ఏ గాడిలో అతికింది, ఏ గాడిలో ఊడింది చూస్తే వెల్డింగ్ విండో అంచు బయటపడుతుంది. సిమ్యులేషన్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్షాపత్రం దొరకదు.

పలక దూకే వేగాన్ని ఊహించుకోనక్కర్లేదు, లేజర్‌తో కొలుస్తారు. పలక మీద పడి తిరిగొచ్చిన కాంతి రంగులో వచ్చే రవ్వంత తేడాను బట్టి వేగం ఎప్పుడు ఎంత ఉందో మైక్రోసెకను లోపలి ముక్కల్లో గీత గీస్తుంది ఆ పరికరం. కంప్యూటర్ గీసిన వేగపు గీతను దాని మీద పెట్టి చూస్తారు. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే దెబ్బ దాకా లెక్క సరే. ఆ తర్వాతి మైక్రోసెకనులో అతుకు దగ్గర ఏం జరిగిందో లేజర్‌కూ కనిపించదు.

అది తేల్చే పని చివరికి బల్ల మీద జరుగుతుంది. బెంచ్ వైస్‌లో నమూనాను బిగించి, రెండు లోహాల సందులో ఉలి మొన ఆనించి, సుత్తితో కొడతారు. అతుకు చాలకపోతే ఉలి సర్రున లోపలికి దిగి, పలకలు అద్దంలాంటి ముఖాలతో విడిపోతాయి. అతుకు పడి ఉంటే ఉలి దారి తప్పి మెత్తటి లోహాన్ని చీల్చుకుంటూ పోతుంది, ఉక్కు ముఖం మీద అల్యూమినియం పీలికలు పీలికలుగా మిగిలిపోతాయి. అలాంటి ముక్క దొరికినప్పుడు దాని వీపున మార్కర్‌తో కోణం, వేగం, తేదీ రాసి అల్మారాలో పెట్టుకుంటారు. ఆ మూడు అంకెలూ మర్నాటి సిమ్యులేషన్ ఫైల్లోకి ఎక్కుతాయి.